టీచర్ తెర మీది ఆరు గళ్ళు

మా గల్లీ లెక్కల టీచర్ పోయిన నెలలో చనిపోయారు. కబురు చెప్పింది ఆమె భర్త. నేను ఆఫీసుకు వెళ్ళే బస్సులో ఉన్నాను. "బిడ్డా, టీచర్ పోయింది," అన్నారు. తర్వాత ఆయనే, "కంప్యూటర్ ఇంక ఆన్‌లనే ఉన్నది. బంద్ చెయ్యాల్నా, గట్లనే ఉంచాల్నా?" అని అడిగారు. ఆ కంప్యూటర్ గురించి రెండేళ్ళుగా ఆయన ఏది అడిగినా నేను వెంటనే చెప్పేదాన్ని. ఆ పొద్దున మాత్రం "గట్లనే ఉంచు కాకా, వస్తున్న," అని తర్వాతి స్టాపులో దిగిపోయాను.

కాక మా నాన్న స్నేహితుడు. బేగంబజార్‌లో స్టీలు సామాన్ల దుకాణం నడిపేవారు. ఆ లెక్కన టీచర్ నాకు చిన్నమ్మ కావాలి. కానీ ఆరో తరగతిలో ఆమె ఇంటి ముందు గదిలో చాప మీద కూర్చున్న రోజు నుంచి ఆమె నాకు టీచరే. షాలిబండ వెనక మా గల్లీలో తెలుగు మీడియం పిల్లలకూ ఉర్దూ మీడియం పిల్లలకూ ఆ ఒక్క చాపే. ఒకే లెక్కను సగం తెలుగులో మొదలుపెట్టి సగం దక్కనీ ఉర్దూలో ముగించేవారు. ఎవరైనా భాష అర్థం కాలేదని నసిగితే, "ఎక్స్‌కు తెలుగూ రాదు, ఉర్దూ రాదు. దానికి నువ్వే నేర్పాలె," అనేవారు.

గుమ్మం దగ్గర మా రబ్బర్లన్నీ ఒక బిస్కెట్ డబ్బాలో వేయించుకునేవారు. ఇంటికి వెళ్ళేటప్పుడు ఎవరివి వాళ్ళు ఏరుకోవాలి. "తప్పయితే కొట్టెయ్. చెరపకు. కాలు ఏడ జారిందో నాకు కనవడాలె," అనేవారు. తొమ్మిదో తరగతిలో నేను లెక్కల్లో తప్పినప్పుడు నా జవాబు కాగితాలు తెప్పించుకుని, ఒక్కో మెట్టూ చదివి, "నీకు లెక్కలు రావని ఎవడన్నడు? నీకు మైనస్ గుర్తంటే భయం, అంతే," అన్నారు. ఆ ఒక్క మాటతో నాకు నా జబ్బేమిటో తెలిసింది.

ఆమె జబ్బు మాత్రం తెలిసినా లాభం లేనిది.

మూడేళ్ళ కిందట మొదట మాట తడబడింది. ఒకరోజు "త్రిభుజం" అనబోతే ముద్దగా వచ్చింది. పిల్లలు నవ్వారు, ఆమె కూడా నవ్వారు. మర్నాడూ అలాగే వచ్చింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. నెలల పాటు తిరిగాక ఒక పెద్దాసుపత్రిలో డాక్టరు చెప్పాడు. నరాల నుంచి కండరాలకు కబురు అందడం ఆగిపోతుందట, ఒక్కొక్క కండరానికీ. మందులు కొంచెం నెమ్మది చేస్తాయేమో గానీ ఆపవట. "కానీ బుద్ధికి ఏమీ కాదమ్మా," అన్నాడు, ధైర్యం చెబుతున్నట్టు. బయటికి వచ్చాక టీచర్ నా చేతిలోని రసీదు వెనక రాశారు: "బుద్ధి ఉంటదంటే, అంతా చూస్కుంట ఉండాలె గదా."

నేను ఒక ఆఫీసులో కంప్యూటర్లు చూసే పని చేస్తాను. గల్లీలో ఎవరి ఫోన్ ఆగినా నా దగ్గరికే తెస్తారు. టీచర్ కూడా నన్నే పిలిపించి కాగితం మీద రాసి చూపించారు: "మడతవడే కంప్యూటర్ ఉంటదట గదా. తెర మీద రాస్తే రాసేది. నాకొకటి చూడు. పిల్లలకు పరీక్షలున్నయ్."

నేను వారం రోజులు కూర్చుని మూడు రకాలు ఎంచి పెట్టుకున్నాను. వేగం ఎంత, మెమరీ ఎంత, బ్యాటరీ ఎంతసేపు అని ఒక పట్టిక కూడా గీసుకున్నాను. కాక, టీచర్, నేను ఆటోలో దుకాణానికి వెళ్ళాం. అక్కడ అమ్మే మనిషి టీచర్ మాట విని, ఆమెను వదిలేసి నా వైపు తిరిగాడు. "మేడమ్‌కు వినపడదా?" అని గట్టిగా అడిగాడు. టీచర్ అతని బల్ల మీది కాగితం లాక్కుని రాశారు: "చెవులు మంచిగున్నయ్. నోరే వస్తలేదు. మామూలుగ చెప్పు." అతను సిగ్గుపడి కుర్చీ తెచ్చి వేశాడు.

నా పట్టిక ఆమె చూడలేదు. మొదటి కంప్యూటర్ మూతను ఒక చేత్తో తెరవబోయారు. మూతతో పాటు కింది పలక కూడా లేచి వచ్చింది. పక్కన పెట్టించారు. రెండోదాని తెర మీద పెన్నుతో భిన్నం రాశారు. రాసిన ప్రతిసారీ తెర వెనక్కి ఊగింది. అదీ వద్దన్నారు. మూడోదాన్ని మెల్లగా వెనక్కి మడిచారు. ఏ కోణంలో వదిలితే ఆ కోణంలో నిలబడింది. పూర్తిగా తిప్పి పలకలా ఒళ్ళో పెట్టుకున్నారు. మళ్ళీ గుడారంలా బల్ల మీద నిలిపారు. ఎడమ చేత్తో ఎత్తి బరువు చూశారు. తర్వాత ఒక పని చేశారు. వేలితో నొక్కకుండా, వేలి కొసను తెరకు ఊరికే ఆనించారు. బొమ్మ తెరుచుకుంది. మళ్ళీ ఆనించారు. నా వైపు తిరిగి రాశారు: "మీట నొక్కాలంటే బలం కావాలె. దీనికి తగిల్తే చాలు."

ఆమె ఏ రోజు కోసం చూసుకుంటున్నారో నాకు అప్పుడు అర్థమైంది. అర్థమై కూడా, నా అలవాటు కొద్దీ, "ఇంకొంచెం ఎక్కువ మెమరీ ఉన్నది తీసుకుందాం టీచర్. ఐదేండ్లు ఫికర్ ఉండదు," అన్నాను.

ఆమె నన్ను చూసి నవ్వారు. కాగితం మీద ఒక్క మాట రాశారు: "ఐదేండ్లా?"

కాక దుకాణం బయటికి వెళ్ళి నిలబడ్డారు.

మూడోదే తెచ్చుకున్నాం. మొదటి నెలలు బాగానే గడిచాయి. గోడ మీది టీవీకి తీగ కలిపితే టీచర్ ఒళ్ళో రాసిందల్లా అంత పెద్దగా టీవీలో కనపడేది. పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూసేవారు. పెన్ను వెనక రబ్బరు ఉంటుందని నేను చూపిస్తే, టీచర్ దాని మీద తెల్ల ప్లాస్టర్ ముక్క అంటించేశారు. చెప్పాల్సిన మాటలు టైపు చేస్తే కంప్యూటర్ పైకి చదివేది. దాని గొంతు వార్తలు చదివే ఆడమనిషిది. టీచర్ "లొల్లి చెయ్యకుర్రి, చెవుల పిండుత" అని కొడితే, అది ఆ మాటల్ని పెళ్ళి పత్రిక చదివినట్టు మర్యాదగా చదివింది. పిల్లలు చాప మీద పడి నవ్వారు. టీచరూ నవ్వారు. ఆ నవ్వు ఒక్కటి ఇంకా ఆమె సొంత గొంతులోనే ఉండేది.

చిక్కులు వచ్చేవి, నేను తీర్చేదాన్ని. ఆమె పక్కకు ఒరిగినప్పుడల్లా తెర మీది రాత గిర్రున తిరిగి టీవీలో లెక్క తలకిందులయ్యేది. తిరగకుండా బిగించాను. అరచేయి ఆనితే పిచ్చి గీతలు పడేవి. అవీ ఆపాను. ఎండాకాలం ఒళ్ళో వేడెక్కుతోందంటే కాక దుకాణం నుంచి వెదురు చేట తెచ్చి కింద పెట్టారు. పెన్ను వేళ్ళలోంచి జారుతోందంటే, గిన్నెలు కట్టే నూలు దారం చుట్టి లావు చేశారు. ప్రతి శనివారం ఏదో ఒకటి సరిచేసి, టీ తాగి, జబ్బు మీద ఒక ఆట గెలిచినట్టు ఇంటికి వచ్చేదాన్ని.

తర్వాత దారం చుట్టిన పెన్ను కూడా నిలవలేదు. వేలితో రాశారు. వేలు తిన్నగా నిలవకపోతే కణుపుతో రాశారు. కాక ఆమె చేతిని ఎత్తి తెర మీద పెడితే, అక్కడి నుంచి పాకించుకుంటూ వెళ్ళేవారు. అక్షరాలు ఇక కుదరవని తేలిన రోజున నేను తెరను పెద్ద పెద్ద గళ్ళుగా విడగొట్టాను. నీళ్ళు. పక్కకు తిప్పు. నొప్పి. పిలువు. ఏ గడికి వేలు తగిలితే ఆ మాట పైకి వినపడుతుంది. ఇంకేమైనా కావాలా టీచర్ అని అడిగి, పక్కన అక్షరాల పలక పెట్టాను. అరగంట పట్టింది. ఆమె అడిగినవి రెండు మాటలు: ఒప్పు. తప్పు.

ఆ రెండు గళ్ళతో ఆమె పదో తరగతి పిల్లలకు చివరి మూడు నెలలు చెప్పారు. పిల్లలు గోడకు ఆనించిన నల్ల పలక మీద లెక్క చేస్తూ మెట్టు మెట్టుకూ ఆగేవారు. కంప్యూటర్ "ఒప్పు" అంటే ముందుకు పోవాలి. సాయంత్రం గల్లీలో నడుస్తుంటే "తప్పు... తప్పు... తప్పు" అని వినపడేది. లాడ్ బజార్‌లో గాజులమ్మే అతని కూతురు ఒకతి చాలా మొండిది. తప్పు అన్న ప్రతిసారీ నడుము మీద చెయ్యి పెట్టుకుని, "కైసా టీచర్? గలత్ కైసా?" అని టీచర్‌నే ఎలా తప్పో చెప్పమని నిలదీసేది. టీచర్ కళ్ళు మెరిసేవి. చెప్పడానికి ఎన్నో ఉన్నాయని ఆ కళ్ళలో తెలిసేది. కానీ వేలు మళ్ళీ అదే గడి మీదికి పాకేది. "తప్పు." ఆ పిల్ల మళ్ళీ మొదటి నుంచి చేసేది.

ఇప్పుడు చెప్పేది చెప్పకుండా ఉంటే బాగుండునని ఉంది. కానీ చెరపవద్దని నేర్పింది ఆమే.

గళ్ళు పెట్టినప్పుడు ఒకసారి పలికితే వంటింట్లో ఉన్న కాకకు వినపడటం లేదని, వేలు తీసేదాకా మాట మళ్ళీ మళ్ళీ వచ్చేట్టు నేనే అమర్చాను. ఒకరోజు మధ్యాహ్నం ఆఫీసులో మీటింగ్‌లో ఉండగా కాక ఫోన్ చేశారు. వెనక నుంచి ఆ వార్తల గొంతు ఆగకుండా వినపడుతోంది: నొప్పి, నొప్పి, నొప్పి.

"బిడ్డా, పది నిమిషాలైంది, ఒక్క తీరుగ నొప్పి నొప్పి అంటున్నది. చెయ్యి తీసి పక్కకు వెట్టిన, అయినా ఆగుతలేదు. మిషిన్ ఖరాబైందా, టీచర్‌కు నొప్పి అయితున్నదా? నాకు సమజైతలేదు."

చెయ్యి తీసినా ఆగలేదంటే తెర ఇరుక్కుపోయిందని అనుకున్నాను. నాకు తెలిసిన జవాబు అదొక్కటే. "మిషినే కాకా. పక్కన మీట ఉంటది గదా, గట్టిగ పట్టుకో, బంద్ అయితది. నేనొచ్చి చూస్త," అన్నాను. ఆ గొంతు ఆగిపోయింది. నేను మీటింగ్‌లోకి తిరిగి వెళ్ళాను.

సాయంత్రం వెళ్ళేసరికి టీచర్ కళ్ళు గుమ్మం మీదే ఉన్నాయి. కంప్యూటర్ ఆన్ చేశాను. తెర బాగానే పని చేస్తోంది. ఆమె చేతిని ఎత్తి మధ్యలో పెట్టాను. వేలు కదిలింది. నీళ్ళు దాటి, పక్కకు తిప్పు దాటి, మెల్లగా, చాలా మెల్లగా పాకి, మళ్ళీ నొప్పి మీద ఆగింది.

నేనూ కాకా ఆమెను ఎత్తి తిప్పాం. కుడి భుజం దిండు మీంచి జారి వెనక్కి మెలిపడి, ఒంటి బరువంతా దాని మీదే ఉంది. చర్మం ఎర్రగా కమిలి ఉంది. మధ్యాహ్నం నుంచీ అలాగే. మిషిన్ నిజంగా ఇరుక్కుంది, ఆమెకు నిజంగా నొప్పీ ఉంది. రెండూ ఒకేసారి నిజం కావచ్చని నాకు తోచలేదు. ఆమెకున్న ఒక్క గొంతునూ ఫోన్‌లో నేనే ఆపించాను.

కాక మంచం కోడు పట్టుకుని కింద కూర్చుండిపోయారు. "టీచర్, నాదే తప్పు," అన్నాను. తప్పు అనే గడి అక్కడే ఉంది. ఆమె నన్ను చాలాసేపు చూశారు. వేలు కదిలింది. నీళ్ళు మీద ఆగింది. చెంచాతో నీళ్ళు పట్టించాను. ఆమె గుటక వేసేదాకా ఆగి, మళ్ళీ ఇంకో చెంచా పట్టించాను.

ఆ తర్వాత కొన్ని వారాలకు వేలు పూర్తిగా ఆగిపోయింది. కళ్ళ కదలికను పట్టుకునే చిన్న కెమెరా ఒకటి తెచ్చి బిగించాను. ఆమె కళ్ళద్దాలు మందం, గదిలో వెలుతురు తక్కువ. బాణం గుర్తు తెరంతా ఈదులాడేది తప్ప ఎక్కడా నిలిచేది కాదు. నాలుగు శనివారాలు ప్రయత్నించాను. నాలుగో శనివారం ఆమె కళ్ళు మూసుకుని, నేను కెమెరా విప్పేదాకా తెరవలేదు.

ఇక చేయడానికి ఏమీ లేదు. అయినా వెళ్ళేదాన్ని. ఎవరూ వాడని కంప్యూటర్‌కు అప్‌డేట్లు పెట్టేదాన్ని. తెర తుడిచేదాన్ని. గాజులతని కూతురు వచ్చి మంచం పక్కన కూర్చుని తన లెక్కలు పైకి చదివేది. తప్పయిన చోట టీచర్ కళ్ళు మూసేవారు. ఆ పిల్ల చదవడం ఆపి వెనక్కి వెళ్ళేది. ఆ ఇద్దరి మధ్యా ఏ యంత్రమూ అవసరం లేకపోయింది.

టీచర్ పోయిన పదకొండో రోజున భోజనాలయ్యాక కాక నన్ను లోపలికి పిలిచారు. టీచర్ రాసిన పాత పాఠాలు కంప్యూటర్‌లో ఉన్నాయి, పిల్లలు అడుగుతున్నారు, తీసి ఇమ్మన్నారు. పొద్దునే గుడిమల్కాపూర్ పూల బజారు నుంచి తెప్పించిన బంతిపూల దండ ఇంకా తడిగా ఫోటో మీద ఉంది. ఐదారేళ్ళ కిందటి ఫోటో అది. ఎవరి పెళ్ళిలోనో తీసింది. బుగ్గలు నిండుగా, ఏదో అంటూ సగం తెరిచిన నోటితో ఉన్నారు.

కంప్యూటర్ తెరిచాను. ముఖం చూపించమంది. వేళ్ళు పోయిన కాలంలో, నంబరు కొట్టలేరని, ఆమె ముఖం చూస్తే తెరుచుకునేట్టు పెట్టాను. నంబరు నాకు తెలుసు. కొట్టబోతుంటే కాక, "ఆగు బిడ్డా," అన్నారు. నేను వారించేలోపే గోడ మీది ఫోటో దించి, రెండు చేతులా పట్టుకుని తెర ముందు పెట్టారు.

గుర్తు పట్టలేకపోతున్నానని తెర మీద వచ్చింది.

కాక భుజం మీది కండువాతో ఫోటో అద్దం తుడిచి మళ్ళీ పెట్టారు. మళ్ళీ అదే మాట.

"దీనికి జబ్బు మనిషే ఎర్క బిడ్డా," అన్నారు. "ఈమెను అది ఎన్నడు సూడలేదు గదా."

నేను నంబరు కొట్టలేదు. ఆయన ఫోటోను దించలేదు. ఇంకొంచెం దగ్గరికి జరిపి అలాగే పట్టుకుని నిలబడ్డారు. దండ ఊగుతోంది. తడి పూలు తెరకు తగిలినప్పుడల్లా అది వెలిగి, కాసేపు ముఖం కోసం వెతికి, మళ్ళీ మసకబారుతోంది.