ఎడమ చేతి వైపు సముద్రం

మా ఆయన గూడ్సు బండి డ్రైవరు. ఇప్పుడు లోకో పైలట్ అంటున్నారు గానీ, మా ఇళ్ళలో ఇంకా డ్రైవరే. వాళ్ళ తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి బిలాస్‌పూర్ వచ్చి రైల్వేలో చేరారు. మూడు తరాలుగా మా బతుకంతా డ్యూటీ, షెడ్డు, క్వార్టరు. ఇరవై ఆరేళ్ళు ఇంజను నడిపాక ఆయన కంటి పరీక్షలో తప్పారు.

నీటికాసులు, అంటే గ్లకోమా అన్నారు డాక్టరు. ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది, పక్కలు మూసుకుపోతున్నాయి. పోయిన చూపు ఇక రాదు, మిగిలినదాన్ని మందులతో నిలబెట్టుకోవాలి. ఎంతకాలం నిలుస్తుందని అడిగితే ఆవిడ కాగితాలు సర్దుకుంటూ, "చూద్దాం" అన్నారు.

ఆ మధ్యాహ్నం ఇంటికొచ్చి, డ్యూటీకి తీసుకెళ్ళే ఇనప పెట్టెను మంచం కిందికి తోసేసి, గోడవైపు తిరిగి పడుకున్నారు. ఆఫీసులో కుర్చీ పని ఇస్తామని కాగితం వచ్చింది. దాని మీద సంతకం పెట్టలేదు. వారం, రెండు వారాలు, నెల. గడ్డం గీసుకోలేదు. ఎవరొచ్చినా లోపలి గదిలోంచి బయటకు రాలేదు.

నేను ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. విరామం దొరికినప్పుడల్లా ఇంటికి ఫోన్ చేసేదాన్ని. ఒకరోజు నాలుగుసార్లు చేసినా ఎత్తలేదు. బోర్డు మీద సగం రాసిన లెక్క అలాగే వదిలేసి స్కూటీ మీద వచ్చాను. క్వార్టరుకు తాళం వేసి ఉంది. వెతికి వెతికి స్టేషను దగ్గరికి పోతే, పాదచారుల వంతెన మధ్యలో రెయిలింగు పట్టుకుని నిలబడి ఉన్నారు. కింద బొగ్గు బండి పోతోంది.

"ఏటండీ ఇక్కడ?"

"ఏటీ లేదు. బండి పోతంటే వింటన్నాను."

అంతకంటే అడగలేదు. జవాబు వినే ధైర్యం నాకు లేదు. చెయ్యి పట్టుకుని మెట్లు దింపాను. ఆ చెయ్యి ఎంత చల్లగా ఉందో నాకిప్పటికీ తెలుసు.

ఆ తర్వాత నాలుగు రోజులకు, అన్నం కలుపుతూ, తనలో తను అనుకుంటున్నట్టు ఒక మాట అన్నారు. "నా సెక్షన్లో అడివుంది, బొగ్గు గనులున్నాయి. సముద్రం లేదు. చూపు ఉండగానే ఓసారి సముద్రం పక్కన సైకిల్ తొక్కాలనుంది."

కొట్టుకుపోతున్నవాడు కొమ్మ పట్టుకున్నట్టు నేనా మాట పట్టుకున్నాను. ఆయనకు సైకిలు కొత్త కాదు. పాతికేళ్ళు షెడ్డుకు సైకిలు మీదే వెళ్ళారు. క్రిస్మస్ సెలవుల్లో విశాఖ వెళ్దాం, ఒక్కరోజులో తిరిగి వచ్చే దారి గీద్దాం అన్నాను. "నువ్వు గియ్యి" అన్నారు. ఆ సాయంత్రమే ఫోన్లో మ్యాపు పెద్దది చేసి, లెక్కల పుస్తకం వెనక అట్ట మీద గీశాను. ఋషికొండ నుంచి బీచ్ రోడ్డు మీద భీమిలి వెళ్ళి, అదే రోడ్డున వెనక్కి.

ఆయన అట్టను కళ్ళ ముందు అటూ ఇటూ జరుపుతూ ముక్కలు ముక్కలుగా చూశారు. చూసి, నెల రోజుల తర్వాత మొదటిసారి కోప్పడ్డారు.

"ఎల్లిన దారినే రావడం ఏటి? బండి కాదు కదా. గుండ్రంగా తిరిగి రావాల."

హైవే మీదుగా తిరిగితే లారీలు. నేను ఒప్పుకోలేదు. కొండల వెనక ఊళ్ళ మధ్యగా పోయే సన్నదారులు వెతికి, ఒకదానికొకటి అతికించాను. మొత్తం నలభై కిలోమీటర్ల పైచిలుకు. నలభై ఆరేళ్ళ నాకు అదే ఎక్కువ. ముందు సముద్రం, తర్వాత ఊళ్ళు అని రాస్తే ఆయన దాన్నీ తిప్పేశారు.

"మనం తొక్కేది రోడ్డుకి ఎడమ పక్క. ఎల్లేటప్పుడు బీచ్ రోడ్డెక్కితే సముద్రం కుడి చేతికి, రోడ్డు అవతల ఉండిపోద్ది. పైగా పొద్దుటి ఎండ కళ్ళలో కొడతాది. ముందు ఊళ్ళలోంచి ఎల్దాం. వచ్చేటప్పుడు సముద్రం ఎడం చేతి పక్కనే ఉంటాది. చలికాలం గాలి కూడా ఎనకనించి తోస్తాది."

పక్కగదిలోకి వెళ్ళి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చాను. అది సంతోషం కాదు. ఇంత స్పష్టంగా ఆలోచించే మనిషిని వంతెన మీద అలా చూశానే అని.

సాధన మొదలుపెట్టాం. ఇంజనులో డ్రైవరు, అసిస్టెంటు ఇద్దరూ సిగ్నలు చూసి పైకి చెప్పుకుంటారట. అదే పద్ధతి పెట్టుకున్నాం. నేను ముందు, ఆయన వెనక. "ఎడమ పక్క ఆవు" అని నేనరవాలి, "ఎడమ పక్క ఆవు" అని ఆయన తిరిగి చెప్పాలి. తిరిగి చెప్పకపోతే నేను ఆగిపోవాలి. మా క్వార్టర్ల దగ్గరి తోర్వా సందుల్లో జనం మమ్మల్ని చూసి నవ్వుకునేవాళ్ళు. రాజ్‌కిశోర్ నగర్ దాకా వెళ్ళి వచ్చేసరికి మొదట్లో నా మోకాళ్ళు పట్టేసేవి.

మూడో నెలలో బోద్రీ వైపు వెళ్ళాం. అక్కడి హైకోర్టుకు వెళ్ళే బళ్ళు బారులు తీరే వేళ అది. దాన్ని నేను లెక్కలోకి తీసుకోలేదు. "ఎడమ నుంచి స్కూటరు" అని అరిచాను. జవాబు రాలేదు. వెనక్కి తిరిగేసరికి ఆయన రోడ్డు మీద ఉన్నారు. సైకిలు మీద పడి ఉంది, మోచేతి నుంచి రక్తం కారుతోంది. స్కూటరతను కూడా భయపడిపోయి, ఆ భయంలోనే అరిచాడు, "అంధే హో క్యా?" గుడ్డివాడివా అని.

మా ఆయన తలెత్తి, అతని గొంతు వచ్చిన వైపు చూసి, నెమ్మదిగా అన్నారు. "హాఁ భయ్యా. థోడా థోడా." అవును, కొంచెం కొంచెం అని.

అతను బండి దిగాడు. సైకిలు లేపి, స్టాండు వేసి, తన సీసాలో నీళ్ళు ఆయన మోచేతి మీద పోసి వెళ్ళాడు.

ఇంటికొచ్చాక ఆయన సైకిలు గోడకు చేర్చేశారు. "ఒగ్గెయ్. నాకోసం నువ్వూ లారీ కింద పడతావ్."

"ఒగ్గను" అన్నాను. పెళ్ళయ్యాక ఆయన మీద గొంతు పెంచడం అదే మొదలు. "మీకేటి? మీరు గోడకేసి తిరిగి పడుకుంటారు. స్కూల్లో పిల్లల ముందు నిలబడి, ఇంటికెళ్ళేసరికి మనిషి ఉంటాడో లేడో అని వణికేది నేను. నాకు కావాలి ఈ ప్రయాణం. నాకోసం రండి."

ఆయన గోడకు చేర్చిన సైకిలు హ్యాండిలును సరిచేశారు. తర్వాత, "టికెట్లు తీసేసేవా?" అని అడిగారు.

విశాఖ బండిలో సైకిళ్ళు కూడా వేయించుకుని వెళ్ళాం. ఋషికొండలో గది. తెల్లారాక బయల్దేరి, అనుకున్నట్టే ఊళ్ళలోంచి వెళ్ళాం. జీడితోటలు, గేదెలు, ఇళ్ళ ముందు ముగ్గులు. నేను అరుస్తున్నాను, ఆయన తిరిగి చెబుతున్నారు. భీమిలిలో టిఫిను తిన్నాం. ఆయన రెండోసారి పూరీ అడిగారు. అయిపోయింది, గండం గడిచింది అనుకున్నాను.

బీచ్ రోడ్డెక్కాక, లెక్క వేసుకున్నట్టే సముద్రం ఎడమ చేతి పక్కన. గాలి వీపు మీద. నాలుగైదు కిలోమీటర్లు వెళ్ళాక వెనక నుంచి మాట ఆగిపోయింది. తిరిగి చూస్తే, ఆయన రోడ్డు పక్క సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నారు.

"ఏటయిందండీ?"

"సముద్రం ఎక్కడుంది?"

"ఇక్కడే కదండీ, పక్కనే."

"నాకు అగుపడ్డం లేదు. తల తిప్పితే సముద్రం అగుపడతాది, రోడ్డు పోతాది. రోడ్డు చూస్తే సముద్రం పోతాది. ఇంత దూరం తెచ్చేవు, నాకు చప్పుడే వచ్చింది."

మూడు నెలలు గాలి లెక్క, ఎండ లెక్క, దూరం లెక్క అన్నీ వేశాను. పక్కలు కనిపించని మనిషికి సముద్రాన్ని పక్కన పెట్టానని నాకు తట్టనే లేదు. ఆయనకూ తట్టలేదు. ఆయన ఇసకలో కూలబడిపోయారు. పరీక్ష తప్పిన రోజున కూడా ఏడవని మనిషి, దారిన పోయేవాళ్ళు చూస్తున్నా ఆపుకోలేకపోయారు. పక్కన కూచున్నాను, అంతే.

కాసేపటికి లేచి, నా సైకిలును ఎదురుగా ఉన్న టీ కొట్టులో అప్పజెప్పాను. ఆయన సైకిలుకు వెనక క్యారేజీ ఉంది. "ఎక్కండి" అన్నాను.

"పిచ్చా? ఎనభై కిలోలున్నాను."

"ఎక్కండి."

మొదటి రెండుసార్లు ఇద్దరం పడబోయాం. మూడోసారి సైకిలు నిలిచింది. ఆయన రెండు కాళ్ళూ సముద్రం వైపు వేసుకుని కూచున్నారు. నా తొడలు మండిపోయాయి, ఊపిరి గొంతులో అడ్డుపడింది. ఆయన మాత్రం మెల్లగా చెబుతూనే ఉన్నారు. "తెప్ప ఎళ్తంది. రెండు. అల్లదిగో, వల ఇసురుతున్నాడు. నీలం కాదే, దూరంగా పచ్చగుంది." మూడు కిలోమీటర్లు లాగానేమో. ఎత్తు వచ్చింది, ఇక నావల్ల కాలేదు. సామాన్ల ఆటో మాట్లాడుకుని, వెనక్కి పోయి టీ కొట్టులోంచి నా సైకిలు తీసుకుని, మిగతా దారి రెండు సైకిళ్ళతో పాటు అందులోనే వచ్చాం.

ఆయన గదికి రాగానే పడుకుని మర్నాడు పొద్దున దాకా లేవలేదు. లేచి మొహం కడుక్కుని, "ఆ కుర్చీ పనిలో చేరిపోతాను" అన్నారు. చేరారు. డ్యూటీ మీద వచ్చే డ్రైవర్లకు కాగితాలు ఇచ్చే పని. ఇష్టంగా చేస్తున్నారని చెప్పలేను. కానీ వెళ్తున్నారు.

ఈ వానాకాలంలో కుడి కన్ను పూర్తిగా పోయింది. ఎడమ కంట్లో నేనే చుక్కలు వేస్తాను. ఆయన తల వెనక్కి వాల్చి, రెప్ప తెరిచి, కదలకుండా కూచుంటారు. నేనే గురి తప్పుతాను. చుక్క చెంప మీద పడుతుంది. తుడిచి మళ్ళీ వేస్తాను.