మూతలో తప్పు లేదు

ఈ బరువు బయటికి కనపడేది కాదు. వంట చేస్తూ, బట్టలు ఆరేస్తూ, చర్చికి వెళ్తూ ఇన్నేళ్ళూ మోశాను. నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ముందు, ఎవరి తప్పులు వాళ్ళు మనసులో ఒప్పుకోమని పాస్టరుగారు కాసేపు ఆగుతారు. ఆ కాసేపట్లో నేను చిన్నవన్నీ ఒప్పేసుకుంటాను. పక్కింటావిడ మీద కోపం, పిల్లల్ని కసిరిన కసుర్లు. ఇది మాత్రం ఎప్పుడూ ఒప్పుకోలేదు. అటు మగవాళ్ళ వైపు మా ఆయన తల వంచుకుని కూర్చుని ఉంటారు. నా మనసులో మాట ఆయనకి వినపడదని తెలుసు. అయినా నోరు రాదు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్తున్నాను. మా ఆయన తన చేతులతో కట్టుకున్న ఇంజను సైకిలు ట్యాంకులో నేను గ్లాసుడు నీళ్ళు పోశాను.

అప్పుడు మేం ఇబ్రహీంపట్నంలో అద్దెకుండేవాళ్ళం. ఆయన ఒక కాలేజీ ల్యాబులో అటెండరు. ఆటోనగర్‌లో పాత సామాన్ల కొట్టు నుంచి, పొలాల్లో పురుగుమందు కొట్టే స్ప్రేయరు ఇంజనొకటి తెచ్చారు. మా పాత సైకిలుకి దాన్ని బిగించాలని పట్టుదల. వంటనూనె డబ్బా కోసి ట్యాంకు చేశారు. వెనక చక్రానికి రెండో పక్క ఇంకో పళ్ళచక్రం వేశారు. గొలుసు ఎన్నిసార్లు ఊడిందో, ఆయన వేళ్ళు ఎన్నిసార్లు చితికాయో. చివరికది నడిచింది. నడిచిన రోజు ముందు నన్నే వెనక కూర్చోబెట్టుకుని వీధంతా తిప్పారు. పొగకి దగ్గుతూ ఇద్దరం నవ్వాం. నేనూ నవ్వాను, అది దాచను.

తర్వాత వన్ టౌన్‌లో స్టీలు సామాన్ల హోల్‌సేల్ వ్యాపారి ఒకాయన ఈ సంగతి విన్నారు. ఆటో దూరని సందుల్లోకి సరుకు వేయడానికి అలాంటి బండ్లు కావాలట. బరువు వేసుకుని మీ ఇంటి నుంచి మా కొట్టు దాకా ఆగకుండా వస్తే మరికొన్ని చేయిస్తాను, గోడౌను పక్కన షెడ్డు కూడా ఇస్తాను అన్నారు. మా ఆయన ఆ రోజే చెప్పేశారు, ఇది కుదిరితే ఉద్యోగం మానేస్తానని.

ఉయ్యూరులో మా నాన్న కూడా ఇలాగే నెల జీతం వదిలేసి సోడా మిషను పెట్టాడు. అది మునిగింది. మా అమ్మ చెరకు తోటల్లోకి కూలికి వెళ్ళింది. ఆకు కోసుకుపోయిన ఆమె చేతులకి నేనే కొబ్బరినూనె రాసేదాన్ని. ఆ చేతులు గుర్తొచ్చి పోశానని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. నిజమేనా? సగమే నిజమేమో. ఆ ఇంజను ముందు కూర్చున్నప్పుడు ఆయన ముఖంలో వచ్చే సంతోషం నా ముందు కూర్చున్నప్పుడు ఎన్నడూ రాలేదు, ఆ ఇనప ముక్క మీద నాకు కుళ్ళుగా ఉండేది, ఆ కుళ్ళుకి మా అమ్మ చేతులు అడ్డం పెట్టుకున్నానేమో అని ఇప్పుడనిపిస్తుంది. వద్దండీ అని ఒక్కమాట అడగొచ్చు కదా. ఎందుకడగలేదు? అడిగితే ఆగిపోతారని తెలుసు. ఆపింది నేనని ఆయనకి తెలియకూడదనుకున్నాను.

ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు మూత తిప్పాను. పోశాను. మళ్ళీ గట్టిగా బిగించాను. టిఫిను కట్టిచ్చి, జాగ్రత్తండీ అన్నాను కూడా.

గొల్లపూడి దగ్గర బండి ఆగిపోయింది. స్టార్టరు తాడు ఎంత లాగినా ఇంజను అందుకోలేదు. ఆయన వెనక్కి రాలేదు. వెనక బరువు కోసం కట్టిన స్టీలు బిందెల మూటతో, ఇంజను బరువుతో, అక్కడినుంచి వన్ టౌన్ దాకా తొక్కుకుంటూనే వెళ్ళారు. వ్యాపారి మంచివాడే. టీ తెప్పించి, మళ్ళీ చూద్దాంలెండి అన్నారట.

సాయంత్రం ఆయన ట్యాంకు విప్పి పెట్రోలంతా గాజుసీసాలోకి ఒంపారు. అడుగున నీళ్ళు వేరుగా కనపడ్డాయి. సీసా వెలుతురుకి పట్టుకుని చాలాసేపు చూశారు.

"మూత చుట్టూ రెండుసార్లు టంకం వేశానే. రబ్బరు వాషరు కూడా పెట్టా. నీళ్ళెక్కణ్ణుంచి దిగాయంటావ్?"

"రాత్రి జల్లు పడింది కదండీ. ఎక్కడో సందుండి ఉంటుంది."

"అంతేనేమోలే. నా చేతిపని ఇంతేనన్నమాట," అన్నారు.

కోప్పడి ఉంటే బాగుండేది. ఎవరి మీదా కోప్పడలేదు. ఆ వారమే సైకిలు పాత ఇనుముకి వేసేశారు. పానాలు, కటింగ్ ప్లేయరు ఎవరికో ఇచ్చేశారు. అటెండరుగానే రిటైరయ్యారు. పిల్లల చదువులు ఏ ఇబ్బందీ లేకుండా గడిచాయి. నేను కోరుకున్నదే జరిగింది. కానీ అప్పట్నుంచి మా ఇంట్లో కుళాయి కారినా, మిక్సీ ఆగినా, ఎవరినన్నా పిలు, నాకు చేతకాదు అంటారు. ఆ మాట విన్న ప్రతిసారీ నేను పని ఉన్నట్టు వంటింట్లోకి వెళ్ళిపోతాను.

మొన్న వానలో పార్సిలు తెచ్చిన కుర్రాడు బ్యాటరీ సైకిలు మా గేటు ముందు ఆపాడు. మా ఆయన గొడుగేసుకుని వెళ్ళి, వంగి, దాని చుట్టూ తిరిగి చూశారు. లోపలికి వచ్చి తల తుడుచుకుంటూ, "ఇంత వానలోనూ లోపలికి చుక్క దిగట్లేదే. వీళ్ళేం వేశారో," అన్నారు.

ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆయన ఆ సందు వెతుకుతూనే ఉన్నారు. లేని సందు.

అందుకే కూర్చుని ఇది రాశాను. గుండెల మీద నుంచి ఏదో కాస్త జరిగినట్టుంది. క్షమించమని మిమ్మల్ని అడగను, అడగాల్సింది మిమ్మల్ని కాదు. ఆయన వరండాలో కూర్చుని ఉన్నారు, పిలిస్తే పలికేంత దూరంలో. చెప్తానో లేదో తెలియదు. చెప్పాల్సిన మాట మాత్రం ఇదిగో, మొదటిసారి ఇక్కడ రాస్తున్నాను.

మూతలో తప్పు లేదండీ. నీళ్ళు పోసింది నేను.