గాజుకు పిన్నీసులు

నేను పనిచేసే ల్యాబు ఇబ్రహీంపట్నం దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఉంది. అక్కడ నీటిచుక్కలో ఇనుము కలిసిన, కంటికి ఆననంత చిన్న పూసలు తేలుతుంటాయి. ఒకదాన్ని సన్నటి లేజర్ వెలుగుతో పట్టుకుని, చుట్టూ ఉన్న తీగచుట్టల అయస్కాంత బలంతో అనుకున్న చోటికి నడిపించి, అక్కడే నిలపాలి. చెప్పడానికి ఇంతే. మూడు వారాలుగా ఆ ముదనష్టపు పూస నిలిస్తే ఒట్టు! ఎడమవైపుకు ఒకటే ఉరుకుడు. సోమవారానికి నిలవకపోతే పరిశోధనకు వేరే అంశం చూసుకోమని మా సార్ తేల్చి చెప్పేశారు. రెండేళ్ల కష్టం నీళ్లపాలే. తీగచుట్టలే పనికిమాలినవని ఆయనతో వాదించాను కూడా.

శనివారం మధ్యాహ్నం అమ్మ వచ్చింది. అమ్మ మన్నెగూడ చౌరస్తాలో చేపలమ్ముతుంది. కాలేజీలో మాత్రం మా అమ్మది బిజినెస్ అని చెప్పుకున్నదాన్ని నేను. నేను మరిచిపోయిన టిఫిన్ డబ్బా ఇద్దామని ఖాళీ గంపతో వస్తే, ఎవరైనా చూస్తారేమోనని ఆ గంపను తలుపు వెనక పెట్టించాను. దేన్నీ ముట్టుకోకని కసిరాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అమ్మ స్టూలు మీద కూర్చుని, పూస పెద్దదిగా కనిపించే కంప్యూటర్ తెరనీ నన్నూ మార్చి మార్చి చాలాసేపు చూసింది.

"నీ చెయ్యి దగ్గర్కొస్తెనే అది ఉరుకుతున్నది బిడ్డా. దూరముంటె కదుల్తలేదు."

నీకేం తెలుసని విసుక్కుంటూనే ఎడమచెయ్యి చూసుకున్నాను. గాజుకు నాలుగు పిన్నీసులు. ఆ అలవాటు అమ్మదే. ఆమె పుస్తెలతాడుకు ఎప్పుడూ ఓ గుత్తి వేలాడుతుంది, వేలిలో చేపముల్లు దిగితే వాటితోనే తీసుకుంటుంది. నా పిన్నీసులు రోజూ అయస్కాంతాల మధ్య తిరిగి తామూ అయస్కాంతాలైపోయాయి. గాజుపలకను ఎడమచేత్తో సరిచేసినప్పుడల్లా పూసను లాగుతున్నది అవే!

విప్పి దూరంగా పెట్టాను. పూస నిలిచింది. చెయ్యి దగ్గరికి తెచ్చినా కదల్లేదు. అడగకుండానే అమ్మ తన పిన్నీసులు కూడా తీసి గంపలో వేసి వచ్చింది.

వెంటనే సార్‌కు ఫోన్ చేసి, తీగచుట్టల మీద నెపం వేసినందుకు క్షమించమన్నాను. తప్పు ఎవరు పట్టారని అడిగారు. మా అమ్మ అన్నాను. ఆమె ఏం చేస్తారని అడిగారు. అమ్మ నావైపే చూస్తోంది. నా బిజినెస్ మాట ఆమెకు తెలుసు, ఏనాడూ ఎత్తలేదు.

"చేపలమ్ముతది సార్," అన్నాను.

అమ్మ టిఫిన్ డబ్బా మూత తీసి నా ముందుకు జరిపింది.