ప్రార్థన చేయించుకున్న బీరు

డెబ్బయ్యో పుట్టినరోజుకి ఏం కావాలని అడిగితే, "నువ్వు కాసే గట్టి బీరు చాలురా, ఇంకేం వద్దు" అన్నాడు మా బావ. మా అక్క పోయాక అతను నోరు తెరిచి అడిగింది అదొక్కటే.

అప్పటికి ఓక్‌విల్‌లో కొడుకింట్లో ఉంటున్నాడు. కొడుకంటే నా మేనల్లుడు, చర్చి సంఘంలో పెద్ద. ఇక్కడి కాలేజీల మీదికి మన దేశం నుంచి స్టూడెంట్లు వరదలా వచ్చిపడుతున్న రోజులవి. వీడు బేస్‌మెంట్ నిండా వాళ్లని కుక్కాడు. అది చాలక తండ్రి పడుకునే గది కూడా అద్దెకిచ్చి, హాల్లో ఓ మూల కర్టెన్ కట్టి ఆయన మంచం అక్కడ వేశాడు. ఆదివారం మాత్రం పరిశుద్ధత మీద సాక్ష్యం చెబుతాడు. ఆ కర్టెన్ చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. ఇప్పుడు రాస్తుంటే కూడా మండుతోంది.

బీరు కాయడం నాకెవరూ నేర్పలేదు. మా ఊరు ఏజాక్స్‌లోని లైబ్రరీ నుంచి పుస్తకాలు తెచ్చి, పక్కన డిక్షనరీ పెట్టుకుని నేర్చుకున్నాను. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని వేడినీళ్లలో నానబెట్టి, ఆ తియ్యటి నీళ్లు వడకట్టి, చేదు కోసం హాప్స్ పువ్వులు వేసి మరిగించాలి. చల్లారాక ఈస్ట్ కలిపి మూతపెట్టాలి. గట్టి బీరుకి బార్లీ ఎక్కువ పడుతుంది, ఓపిక అంతకన్నా ఎక్కువ పడుతుంది. వేసవిలో కాచి, సీసాల్లోకి ఎత్తి, మెట్ల కింద పెట్టి, చలికాలం దాకా ముట్టుకోలేదు.

మావాళ్లలో పుట్టినరోజంటే కృతజ్ఞతా కూడిక. పాస్టరుగారు రావాలి, పాటలు, వాక్యం, ఆ తరువాతే బిర్యానీ. తెచ్చిన కానుకలన్నీ బల్లమీద పెడితే ఆయన ప్రార్థన చేస్తారు. నా సీసాల పెట్టెను రంగుకాగితంలో చుట్టి తీసుకెళ్లాను. మేనల్లుడి భార్య అందుకుని అన్నిటితోపాటు పెట్టేసింది. పాస్టరుగారు సరిగ్గా దానిమీదే చెయ్యి వేసి, "ప్రభువా, ఈ కానుకలను, తెచ్చిన చేతులను ఆశీర్వదించు" అన్నారు. అందరూ ఆమెన్ అన్నారు. మేనల్లుడి గొంతే పెద్దగా వినిపించింది.

కాగితం విప్పింది కూడా వాడే.

"ఏంటి మావయ్యా ఇది? పాస్టరుగారి ముందా? అసలు సిగ్గుందా మీకు?"

"మీ నాన్న అడిగాడు, తెచ్చాను. నీక్కాదులే, నువ్వు బిర్యానీ తిను."

"ఇది దేవుడుండే ఇల్లు!"

"ఆ దేవుడికైనా గది మిగిల్చావా? అదీ అద్దెకిచ్చేశావా?"

ప్లేట్లు పట్టుకుని నిలబడ్డ స్టూడెంట్లలో ఎవరో కిసుక్కుమన్నారు. వాడి మొహం జేవురించింది. "సింక్‌లో పోసేస్తా" అంటూ పెట్టె ఎత్తాడు.

"ఆగరా" అన్నాడు బావ. ఆ ఇంట్లో అతను గొంతు పెంచగా నేను వినడం అదే మొదలు. "ప్రార్థన చేసినదాన్ని ఎలా పారబోస్తావు? నువ్వూ ఆమెన్ అన్నావుగా. ఏమంటారు పాస్టరుగారూ?"

పాస్టరుగారు బిర్యానీ గిన్నెవైపు చూశారు. "పెద్దాయన ఇష్టం" అని గొణిగారు.

నేనే ఓ సీసా మూత తీశాను. బావ స్టీలు గ్లాసు చాపాడు. నల్లగా, చిక్కగా దిగింది. కర్టెన్ బార్లా తీసి, తన మంచం మీద కూర్చుని, అందరూ చూస్తుండగా తాగాడు.

"కుదిరిందిరా" అన్నాడు.

మేనల్లుడు నా కోటు తెచ్చి చేతిలో పెట్టాడు. "ఇంకెప్పుడూ మా గడప తొక్కకండి."

తొక్కలేదు. బావకి ఫోన్ చేస్తే వాడే ఎత్తుతాడు. పట్టపగలు, "నాన్న పడుకున్నారు" అంటాడు. లేపమంటాను. పెట్టేస్తాడు. మళ్లీ చేస్తాను.