తన్నే రోగి బొమ్మ

ఆదివారం మధ్యాహ్నం ఆంటీ ఫోన్ చేసి, "సార్ వెళ్లిపోయారమ్మా" అన్నారు. ఎవరైనా ఎప్పుడు, ఎలా అని అడుగుతారు. నా నోటి నుంచి మాత్రం "కోప్పడ్డారా ఆంటీ?" అని వచ్చేసింది. నాలుక కరుచుకున్నాను. ఆవిడేమీ అనుకోలేదు. "రామ్మా, చెప్తా" అన్నారు.

ఆ ప్రశ్న ఎందుకు వచ్చిందో మీకు చెప్పాలి. ఆంటీ భర్తే మా సార్. సింగపూర్‌లోని బెడోక్‌లో, చెక్క మీద బొమ్మ చెక్కి సిరా పూసి కాగితం మీద అచ్చు వేయడం నేర్పేవారు. తాతల కాలంలోనే కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబం వాళ్లది. అయ్యో అనడానికి 'అలమక్' అని, మాట చివర 'లా' అని ఇక్కడి వాళ్లలాగే అనేవారు. బ్యాంకు ఉద్యోగంతో బుర్ర వేడెక్కి నేను ఆయన క్లాసులో చేరాను. "మకాన్ అయ్యిందా?" అని, అంటే తిన్నావా అని, అడగందే ఎవరి చేతికీ ఉలి ఇచ్చేవారు కాదు. ఆకలి మీద చెక్కితే వేలు తెగుతుందట. సిరా కాస్త మందంగా పూశామా, ఆ ప్రేమంతా ఎగిరిపోయేది. మసిగుడ్డ విసిరికొట్టేవారు. చెయ్యి చేసుకునే మనిషి కాదు గానీ, ఆ నోటికి అందరం హడలిపోయేవాళ్లం. కాసేపటికి తనే టీ తెచ్చిచ్చి, మొహం చిన్నబుచ్చుకుని పక్కన కూర్చునేవారు.

ఆయనకి ఇష్టమైనవి ఐదారు వందల ఏళ్ల కిందటి యూరప్ అచ్చులు. చివరి ఘడియల్లో మనిషి ఎలా ఉండాలో భక్తులకు బొమ్మల్లో నేర్పినవి. ఒకదాంట్లో మంచం మీది రోగి, సేవ చేస్తున్న మనిషిని కాలితో తన్నుతుంటాడు. బల్ల బోర్లా పడి ఉంటుంది. పక్కన ఓ బుల్లి దెయ్యం సంబరపడుతుంటుంది. అది అసహనం. దాని జత బొమ్మలో అదే రోగి చేతులు జోడించి ఉంటాడు, దేవదూతను చూసి దెయ్యాలు మంచం కిందకి దూరుతుంటాయి. అది ఓర్పు.

"మనిషి లోపల జరిగేదాన్ని ఈ బొమ్మ చెక్కినవాడు మంచం చుట్టూ నిలబెట్టాడు చూడమ్మా. దెయ్యాన్ని చెక్కేటప్పుడు మాత్రం నవ్వకు, ఉలి జారుద్ది" అనేవారు.

సార్‌కి జబ్బు చేసి, అది ముదిరాక ఆ సరదా పోయింది. ఓసారి చూడటానికి వెళ్తే నా చెయ్యి పట్టుకున్నారు. "బతుకంతా అరిచా. చివర్న ఆ బొమ్మలో వాడిలా మీ ఆంటీని తన్ని పోతానేమోనని భయంగా ఉందమ్మా. ఆవిడకి అదే గుర్తుండిపోద్ది." అప్పటి నుంచి నాకూ అదే భయం పట్టుకుంది.

ఆ ఆదివారం వాళ్ల ఫ్లాట్‌కి వెళ్లగానే ఆంటీ నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"తన్నారమ్మా."

నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

"పొద్దున దుప్పటి కప్పబోతే ఉక్కపోతకి కాలు విదిలించారు. నా పొట్టకి తగిలింది. 'అయిపోయింది, తన్నేశా' అని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. 'అలమక్! నొప్పి లేదు లా. ఈ తన్నుకి దోమ కూడా చావదు' అన్నా. ముందు బిత్తరపోయారు. తర్వాత నవ్వారు చూడూ, దగ్గొచ్చేదాకా నవ్వారు."

ఏడుస్తూనే నేనూ నవ్వేశాను. ఎన్నాళ్లుగానో గుండె మీదున్న బరువు దిగిపోయింది. చావు ఇంట్లో ఇంత తెరిపిగా ఊపిరి పీల్చుకోవచ్చని నాకు తెలియదు.

"అలా నవ్వి నవ్వి, నా ఒళ్లో కాళ్లు పెట్టి కళ్లు మూసుకున్నారు. నిద్ర పట్టిందనుకుని పిసుకుతూనే ఉన్నా. నిద్ర చెడుద్దని ఫోన్ మోగినా ఎత్తలేదు. పాదాలు చల్లగా తగిలితే, లేచి ఫ్యాన్ తగ్గించానమ్మా."