జీనువాయికీ ఊదకీ పోలికలు

మా జీవశాస్త్రం మాస్టారు పోయారు. కబురు దర్శి బస్టాండులో పాత క్లాసుమేటు చెప్పాడు. "మాస్టారు ప్రభువు దగ్గరికెళ్లిపోయార్రా. ఆదివారం బళ్లో సంతాపసభ. వస్తే రా గానీ, గొడవపెట్టుకోకు."

గొడవ నా స్వభావం కాదు. గొడవపడాల్సినవే నాకు ఎదురొస్తుంటాయి.

పరీక్షల్లో ఎక్కడైనా 'భేదములు తెలుపుము' అంటారు. మీరే చెప్పండి, ఈ దేశంలో భేదాలు నేర్పడానికి బడి కావాలా? మా మాస్టారు మాత్రం పోలికలు అడిగేవారు. అదీ జీనువాయికీ ఊదగడ్డికీ! జీనువాయంటే పిచ్చుక కన్నా చిన్న పిట్ట, రొమ్మంతా పొలుసుల్లాంటి మచ్చలు. ఊద బడికీ పక్క పత్తిచేనుకీ మధ్య గట్టున దానంతటదే మొలిచేది. ఆ గడ్డితోనే తుమ్మకొమ్మల్లో గూళ్లు, ఆ గింజలే కూనలకు మేత.

మేం బిక్కమొహాలేస్తే గట్టు మీద నిలబెట్టేవారు. "ఆ పిట్ట పాడుతోంది, వినపడిందా? లేదు. ఈ గడ్డి పూసింది, కనపడిందా? అదీ లేదు. రాసుకోండి, మొదటి పోలిక."

పెద్దయ్యాక వెళ్లి వాదించాను. "కూలిజనం సంగతీ ఇంతే కదండీ! ఆ మాట పైకి చెప్పరేం?"

"నువ్వు ఉపన్యాసం ఆపితే పిట్ట వాలుతుందయ్యా" అన్నారు, మజ్జిగ గ్లాసు చేతికిస్తూ.

ఒళ్లు మండింది. ఆ జవాబు సరిపోదని ఇప్పటికీ అంటాను. కానీ పత్తిని పీల్చే తెల్లదోమకు ఈ గడ్డే పుట్టిల్లంటూ పక్కచేను రైతు గట్టు చెక్కించబోతే, అడ్డంగా నిలబడింది ఆయనే.

"జీతం బడిస్తోందా మాస్టారూ, పిట్టలిస్తున్నాయా?" అన్నాడు రైతు.

"బడే ఇస్తోంది లేవయ్యా. కూనలు ఎగిరేదాకా ఆగు."

రిటైరయ్యాక కూడా ఏటా వానాకాలం ఇదే తంతు. గట్టు మిగిలింది.

ఆదివారం వెళ్లేసరికి ఆ గట్టు నున్నగా ఉంది. షామియానాకు చోటు చాలక చెక్కించారట! మైకులో బడి కమిటీ పెద్దాయన: "మాస్టారు గొప్ప ప్రకృతి ప్రేమికులు..."

లేచాను. "ఏమండీ, గట్టెవరు చెక్కించారు?"

"మేమేనండి. పెద్దలొస్తారని శుభ్రం చేయించాం. గడ్డేగా!"

"కూర్చోరా బాబూ" అని క్లాసుమేటు చొక్కా లాగాడు.

కూర్చోలేదు. బయటికి నడిచాను. చెక్కిన కూలామె ఊదను మోపు కట్టుకుంటోంది. నన్ను చూసి బెదిరింది. "గేదెకేసుకుంటానండి. తప్పా?"

"తప్పు నీది కాదమ్మా" అని మోపు ఆమె తలకెత్తాను.

పత్తిచేల మధ్య ఆమె వెళ్లిపోతోంది. మోపు వెనకాలే జీనువాయిలు, వాలబోతూ, మళ్లీ లేస్తూ.