రెండద్దాల మధ్య చెయ్యి

ఇచ్చోడ పశువుల ఆస్పత్రికి బదిలీ అయి వచ్చినప్పుడు అవ్వా నేనూ అద్దెకు దిగిన ఇల్లు హైవేకి ఎంత దగ్గరంటే, వరండాలో నిలబడితే నాగపూర్ పోయే లారీల గాలికి కొంగు ఎగిరేది. లోపలికి వచ్చి తలుపు వేసుకుంటే మాత్రం ఏ చప్పుడూ ఉండేది కాదు. కిటికీలన్నీ రెండద్దాలవి. ఒక అద్దం, వేలెడు మందం ఖాళీ, దాని వెనక మళ్ళీ ఒక అద్దం, చుట్టూ తెల్ల ప్లాస్టిక్ ఫ్రేము. ఆ వరసలో అలాంటి కిటికీలున్న ఇల్లు అదొక్కటే.

ఇంటావిడ నాకంటే కొంచెం పెద్దది. భర్త పోయాక లక్సెట్టిపేటలో తల్లిగారింటి పక్కనే చిన్న ఇల్లు తీసుకుని ఉంటోంది. తాళం చెవి ఇచ్చిన రోజున గదులన్నీ తిప్పి చూపించింది. తూర్పు గది దగ్గరకు వచ్చేసరికి మాత్రం గుమ్మం బయటే ఆగిపోయింది.

"మీరు చూసి రాండ్రి డాక్టరమ్మా. నేను ఈడ్నే ఉంట" అన్నది.

వెళ్ళేముందు ఒక్క మాట చెప్పింది. "కిటికీలు మా ఆయన సొంతంగ చేసినయి. ఆదిలాబాద్ల ఆయనకు అద్దాల దుకాణం ఉండె. జర పైలంగ చూసుకోండ్రి."

తూర్పు గదిని అవ్వకిచ్చాను. పొద్దుటి ఎండ ఆమెకు మంచిదని.

అమ్మను నేను అవ్వ అనే పిలుస్తాను. ఆమె బతుకంతా చప్పుడులోనే గడిచింది. బాపు సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేస్తుంటే పక్కనే కూర్చుని కండెలు చుట్టేది. ఆ రొదలో మాట్లాడాలంటే అరవాలి. నేను ఆ రొదలోనే నిద్రపోయి, అందులోనే చదువుకున్నాను. అలాంటి మనిషి ఇప్పుడు ఈ ఇంట్లో పగలంతా ఒంటరిగా ఉండాల్సి వచ్చింది. నేను ఆస్పత్రి నుంచి వచ్చేసరికి హాల్లో కుర్చీ వేసుకుని, అద్దం అవతల లారీలు పోవడం చూస్తూ ఉండేది.

"సప్పుడే లేదు బిడ్డా. సచ్చినోళ్ళ బండ్ల లెక్క పోతున్నయి" అన్నది ఒక సాయంత్రం.

నవ్వాను గానీ, పక్కన కూర్చుని చూస్తే నాకూ అలాగే అనిపించింది. ఎర్ర లైట్లు, పచ్చ లైట్లు, తాడుతో బిగించిన పత్తి బేళ్ళు, క్యాబిన్లో నోరు కదుపుతున్న డ్రైవరు. ఏదీ వినపడదు. వినపడేదల్లా మా ఇద్దరి ఊపిరి.

వానలు తగ్గాక ఆ ఇల్లు చప్పుడు చేయడం మొదలుపెట్టింది. సాయంత్రం గాలి లేచిందంటే హాల్లో ఎవరో సన్నగా మూలిగేవారు. నోరు మూసుకుని ఏడ్చేవాళ్ళ ఏడుపులా ఉండేది. అవ్వ దేవుడి దగ్గర దీపం పెట్టి నా వెనకే తిరిగేది. చెవి గోడకు ఆనించుకుంటూ వెతికాను. మూలుగు కిటికీ కింది మూల నుంచి వస్తోంది. అద్దం చుట్టూ ఉన్న నల్ల రబ్బరు ఎండకు ముడుచుకుని, ఆ మూలన చిన్న సందు వదిలింది. గాలి అందులోంచి దూరుతోంది. ఆదిలాబాద్ నుంచి కొత్త రబ్బరు తెప్పించి, పాతది లాగేసి, సబ్బు నీళ్ళు రాసి లోపలికి నొక్కాను. మూలుగు ఆగింది.

ఆ తరువాత వంటింటి కిటికీలో టప్ టప్‌మని చుక్కలు. బయట చుక్క వాన లేదు. ఫ్రేము కింది కాలువలో పాత వాన నీళ్ళు నిలిచి, సందులోంచి గోడలోకి దిగుతున్నాయి. నీళ్ళు బయటికి పోవడానికి ఫ్రేముకు పెట్టిన రంధ్రాలను కందిరీగలు మట్టితో పూడ్చేశాయి. పశువులకు వాడే లావుపాటి సూది, మొండిది, ఒకటి నా బ్యాగులో ఉంది. దానితో మట్టి పొడిచి తీశాను. నీళ్ళు బుడబుడమని బయటికి పోయాయి. ఇంకో కిటికీ రెక్క కిందికి జారి గడియ పట్టక, పొద్దున లేచేసరికి తెరుచుకుని ఉండేది. మరలు బిగించి రెక్కను పైకి ఎత్తితే అదీ సరిపోయింది.

ఇవన్నీ అయ్యాక అవ్వకు కొంచెం ధైర్యం వచ్చింది. భయం వేసినప్పుడల్లా దీపం మానేసి నన్నే పిలవడం మొదలుపెట్టింది.

చలికాలం దిగింది. మా ఆదిలాబాద్ వైపు చలి ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు, పొద్దున్నే బర్రెల వీపుల మీద పొగ లేస్తుంది. ఒక పొద్దున అవ్వ నా మంచం దగ్గరికి వచ్చి నిలబడింది.

"నా కిటికీల మరక పడ్డది. తుడిస్తె పోతలేదు."

వెళ్ళి చూశాను. అద్దం కింది అంచున మంచు పట్టినట్టు తెల్లగా మసక. అందులో ఒకచోట అరచేతి అడుగుభాగం అంత మేర మసక పట్టలేదు. తడిగుడ్డతో తుడిచాను, పోలేదు. ఎండెక్కాక చూస్తే మసకా లేదు, మరకా లేదు. ఇద్దరం ఊరుకున్నాం.

చలి ముదిరేకొద్దీ ఆ మసక కింది నుంచి పైకి లేచింది. మరక కూడా దానితోపాటే లేచింది. ముందు అరచెయ్యి. తరువాత బొటనవేలి మొదలు. ఇంకొన్నాళ్ళకు వేళ్ళు. అవ్వ రోజూ చూసి నాకు చెప్పేది, పొలంలో మొలకను చూసి చెప్పినట్టు.

"ఇయ్యాల ఏళ్ళు వచ్చినయి బిడ్డా. ఒక ఏలు పొట్టిగున్నది."

నిజమే. మగమనిషి చెయ్యి, వెడల్పుగా ఉంది. చిటికెన వేలి పక్కది సగానికి ఆగిపోయి ఉంది. నేను లోపలి నుంచి రుద్దాను. బయటికి వెళ్ళి స్టూలెక్కి అటువైపు నుంచి రుద్దాను. అద్దం అవతల అవ్వ మొహం కనిపిస్తోంది. ఆమె పెదవులు కదులుతున్నాయి, మాట వినపడటం లేదు. చేతితో సైగ చేసింది, ఇంకా ఉందని. ఆమె వేలు అటునుంచి, నా వేలు ఇటునుంచి అదే చోట పెట్టాం. మా రెండు వేళ్ళ మధ్య ఆ చెయ్యి ఉంది. అప్పుడు నాకు అర్థమయింది. అది లోపలా లేదు, బయటా లేదు. గబుక్కున స్టూలు దిగాను.

లోపలికి వచ్చేసరికి అవ్వ కర్టెన్ వేసి కూర్చుంది.

"ఎవలో అండ్ల ఇరికిన్రు. రాలేకపోతున్నరు. నువ్వు గన్ని బాగు చేసినవు, గీయిన్ని కూడ జర బయటికి తియ్యి" అన్నది.

ఆదిలాబాద్ నుంచి అద్దాలాయన వచ్చేసరికి ఎండెక్కింది. అద్దం ఖాళీగా మెరుస్తోంది. నా ఫోన్లో తీసిన ఫోటో చూపించాను. అతను కింది అంచు మీద టార్చి వేసి చూశాడు.

"సీలు పోయింది మేడం. రెండద్దాల నడుమ చుట్టూ గీ పట్టీ ఉంటది, దీని లోపల తేమను పీల్చే గింజలుంటయి. సీలు పగిలి గాలి దూరింది, గింజలు తాగినంత తాగినయి. ఇగ తాగలేవు. అందుకే సల్లబడంగనే లోపల మంచు పడ్తది."

"మరి చెయ్యి?"

"అద్దాలు అతికేటప్పుడు ఎవలిదో ఉత్త చెయ్యి తగిలి ఉంటది. చేతి జిడ్డు మీద మంచు పట్టది. సీలు మంచిగున్నన్ని రోజులు కనపడలే, గంతే."

రంధ్రం వేసి తేమ తీయవచ్చా అని అడిగాను. తీసినా మళ్ళీ వస్తుంది, జోడు మొత్తం మార్చాల్సిందేనని చెప్పి కొలతలు రాసుకున్నాడు. ఇంటావిడను అడగకుండా మార్చడం బాగుండదని నేను ఆ మధ్యాహ్నమే ఆమెకు ఫోన్ చేశాను. సీలు సంగతి చెప్పాను. ఆమె ఊఁ కొడుతూ వింది. లోపల ఎవరిదో చేతి గుర్తు ఉందని, ఒక వేలు పొట్టిగా ఉందని అన్నాను.



"ఉంగరం పెట్టే ఏలేనా?" అన్నది.

"అవునక్కా."

"తియ్యకుండ్రి. నేను వస్తున్న."

మరునాడు పొద్దుగుంకే వేళకు బస్సు దిగి వచ్చింది. చేతిలో చిన్న సంచి తప్ప ఏమీ లేదు. అవ్వ అన్నం పెడితే కొద్దిగా తిని, అప్పుడు చెప్పింది. తన భర్తకు చిన్నప్పుడే అద్దం కోసుకుని ఆ వేలు సగం పోయింది. అందుకని దుకాణంలో పనిచేసేవాళ్ళకు గ్లౌజులు లేనిదే అద్దం ముట్టనిచ్చేవాడు కాదు. తను మాత్రం ఉత్త చేతులతోనే చేసేవాడు, అద్దం మాట్లాడేది చేతికే తెలుస్తుందని. ఈ ఇంట్లో పాలు పొంగించిన నెలలోపే దుకాణంలోనే గుండె ఆగి కూలిపోయాడు. తూర్పు గది వాళ్ళది.

"ఫోటో తీస్తుంటే గా చెయ్యి ఎన్కకు పెట్టుకునేటోడు. పెండ్లి ఫోటోలల్ల గూడ లేదు. ఆయన మొకం నాకు యాదికున్నది డాక్టరమ్మా. గా చెయ్యే, ఎంత యాది చేసుకున్నా కండ్లల్లకు వస్తలేదు" అన్నది.

తెల్లవారుతుండగా ముగ్గురం తూర్పు గదిలో ఉన్నాం. ఆమె గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి, తరువాత నేరుగా వెళ్ళి కిటికీ ముందు నిలబడింది. అవ్వ కర్టెన్ జరిపింది. అద్దం నిండా మసక. మధ్యలో చెయ్యి, ఎన్నడూ లేనంత స్పష్టంగా. అరచేతి గీతలు కూడా కనిపిస్తున్నాయి.

ఆమె ఏడవలేదు. తన చేతిని దాని మీద పెట్టింది. ఆమెది చిన్న చెయ్యి, చుట్టూ ఆయనది కనిపిస్తోంది. అలాగే ఉండిపోయింది. బయట లారీలు చప్పుడు లేకుండా పోతున్నాయి. నాకు ఆ గదిలో నలుగురం ఉన్నట్టు అనిపించింది, వెనక్కి తిరిగి చూడబుద్ధి కాలేదు.

కాసేపటికి చెట్ల మీదుగా ఎండ అద్దం పై భాగాన్ని తాకింది. మసక పైనుంచి కరగడం మొదలైంది. ముందు వేళ్ళ కొసలు పోయాయి. తరువాత వేళ్ళు. చెయ్యి మెల్లగా కిందికి జారిపోతున్నట్టు, ఎవరో వెనక్కి లాక్కుంటున్నట్టు ఉంది. ఆమె తన చేతిని దానివెంట కిందికి జరుపుతూ పోయింది.

"జర ఆగరాదా" అన్నది. మాతో కాదు.

అరచేతి అడుగుభాగం చివరిదాకా ఉంది. అదీ పోయాక అద్దంలో రోడ్డు, ఎండ, మా మొహాలు మిగిలాయి. అవ్వ ఆమెను భుజం పట్టుకుని మంచం మీద కూర్చోబెట్టింది.

అద్దాలాయన కొత్త జోడు తెచ్చిన రోజున ఆమె పక్కనే నిలబడి ఉంది. చుట్టూ ఉన్న ప్లాస్టిక్ పట్టీలు ఊడదీసి, అద్దాన్ని పీల్చి పట్టుకునే రబ్బరు గిన్నెలు అంటించి, పాత జోడును మెల్లగా బయటికి తీశాడు. విడగొట్టవద్దని, అలాగే ఇవ్వమని ఆమె ముందే చెప్పింది.

"తీస్కపోతె పొండ్రి అమ్మా. కాని గోడకు పెడితె కనపడది. ఒక దిక్కు వెచ్చగ, ఒక దిక్కు సల్లగ ఉండాలె" అని చెప్పాడతను.

దుప్పట్లో చుట్టి, బాడుగ జీపు వెనక సీట్లో మనిషిని కూర్చోబెట్టినట్టు నిలబెట్టి, పక్కన కూర్చుని పట్టుకుని తీసుకుపోయింది.

కొత్త అద్దం ఇంతవరకూ మసకబారలేదు. అవ్వ మళ్ళీ ఆ గదిలోనే పడుకుంటోంది. మరుసటి చలికాలం మొదట్లో, పొద్దున్నే ఇంటావిడ నుంచి నాకు ఫోన్ వచ్చింది.

"వచ్చిండు డాక్టరమ్మా" అన్నది. అంతే, పెట్టేసింది. చెయ్యి వచ్చిందని అనలేదు.

ఆ పైన ఏడాది మంచిర్యాలలో మీటింగు పడితే, తిరుగు ప్రయాణంలో లక్సెట్టిపేటలో దిగి ఆమె ఇంటికి వెళ్ళాను. ఆ అద్దాన్ని వంటింటి కిటికీకి పెట్టించుకుంది, పొయ్యి ఎదురుగా. గోదావరి మీది చలిగాలి అటునుంచి, పొయ్యి వేడి ఇటునుంచి. రోజూ మంచు పట్టి ఆరి, పట్టి ఆరి, లోపల తెల్లటి పొర గట్టిపడిపోయింది. దానితో చెయ్యి ఇప్పుడు నడిపగటి ఎండలోనూ పోవడం లేదు. ఆవిరి బయటికి పోతుందని ఆమె ఫ్యాను వేయదట. గోడంతా చెమ్మెక్కి నల్లబడింది. గోడ పాడవుతుందక్కా అన్నాను.

"ఎరికె" అని టీ గ్లాసు చేతికిచ్చింది. "ఇగ పొద్దంత ఉంటుండు. ఎటు పోతలేడు."

మాట్లాడుతున్నంతసేపూ ఆమె కిటికీ వైపు తిరిగే కూర్చుంది. నేను ఏదో అడిగితే ఒక్కోసారి అటు చూసి, తరువాత నాకు జవాబు చెప్పింది. టీ సగంలోనే పెట్టేసి లేచాను.

బస్సుకని సందులోకి వచ్చి వెనక్కి చూశాను. పొయ్యి ముట్టించినట్టుంది, అద్దం వెనక పసుపు వెలుగు. ఆ వెలుగులో వేళ్ళు విప్పిన చెయ్యి నల్లగా కనిపించింది, పోయిరమ్మన్నట్టు. నాకు తెలియకుండానే నా చెయ్యి సగం లేచింది. దించుకుని, బస్టాండు వైపు గబగబా నడిచాను.